గుమ్మం దగ్గర మంచిమాట

ఎన్నికల్లో ఓడిపోయినా జనం ఆవిడని కౌన్సిలరమ్మ అనే పిలుస్తారు. గెలిచినాయన పేరేమిటని అడిగితే వీధిలో సగం మంది బుర్ర గోక్కుంటారు. ఆయన ఎక్కడుంటాడో ఆయన డ్రైవరుకి కూడా సరిగ్గా తెలియదు. ఓడిపోయినావిడ మాత్రం సాయంత్రం అయ్యేసరికి లాండ్రీ వెనక హాల్లో, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. కుళాయి రాకపోయినా ఆవిడ దగ్గరికే, మొగుడూ పెళ్ళాం అలిగినా ఆవిడ దగ్గరికే. "నన్ను ఓడించి బతికించారు. గెలిపించి ఉంటే మీటింగుల్లో కూర్చుని చచ్చేదాన్ని" అని నవ్వుతుంది. ఆ నవ్వులో ఉక్రోషం లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. ఓటమి ఎవరికైనా ఓటమే.

ఆ హాలు ఒకప్పుడు లాండ్రీవాళ్ళ సామాన్ల గది. ఇప్పుడు బడి వదిలిన దగ్గర్నుంచి అమ్మానాన్నలు పనుల నుంచి వచ్చేదాకా ఆ చుట్టుపక్కల పిల్లలంతా అందులోనే ఉంటారు. హోంవర్కు అక్కడే, ఆటలు అక్కడే, కొట్లాటలు అక్కడే. గోడకి అవతల ఇస్త్రీ బల్లలు ఉండటంతో ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. గది అంతా గంజి వాసన. రిటైరైన లెక్కల మాస్టారు ఆ వెచ్చని గోడకి నడుము ఆనించుకుని భిన్నాలు చెబుతాడు. ఆయన రోజూ వచ్చేది పిల్లల కోసమా, నడుము నొప్పి కోసమా అన్నది ఇంతవరకూ తేలలేదు.

ఆ హాలుకి ఒక ఆచారం ఉంది. కౌన్సిలరమ్మే పెట్టింది. సాయంత్రం పిల్లని ఇంటివాళ్ళకి అప్పగించేటప్పుడు, గుమ్మం దగ్గర ఆ పిల్ల గురించి ఒక మంచిమాట చెప్పాలి. అది నిజమై ఉండాలి. ఆ రోజు జరిగినదై ఉండాలి. పిల్ల చెవిన పడేలా చెప్పాలి.

ఓట్ల కోసం గడప గడపా తిరిగిన రోజుల్లో ఆవిడకి తట్టిన ఆలోచన ఇది. ఏ ఇంటికి వెళ్ళినా, పనిలోంచి అలిసిపోయి వచ్చిన మనిషి పిల్లని చూడగానే అనే మొదటి మాట ఒకటే: "ఇవాళ ఏం వెధవ పని చేశావ్?" ఓట్లు రాలేదు గానీ ఆ మాట ఆవిడ మనసులో ఉండిపోయింది.

మాస్టారు మొదట్లో ఒప్పుకోలేదు. "ఇంతమంది పిల్లలకి రోజుకో మంచిమాటంటే, లోకంలో అంత మంచి ఎక్కడుందమ్మా?"

"వెతకండి మాస్టారూ. జన్మంతా తప్పులు వెతికారు కదా, అవే కళ్ళద్దాలు పెట్టుకుని ఈసారి ఒప్పులు వెతకండి."

వెతికితే దొరికాయి. "మీవాడు ఇవాళ చెప్పు విసరబోయి ఆగాడు" అన్నది కూడా ఒక మంచిమాటే. విన్న తండ్రి ఆ పిల్లాడి తల నిమిరి తీసుకెళ్ళాడు. ఎన్నికల్లో ఎన్ని అబద్ధాలు ఆడిందో తెలియదు గానీ, ఆ గుమ్మం దగ్గర మాత్రం తన నోట ఒక్క అబద్ధం రాలేదని కౌన్సిలరమ్మకి గట్టి నమ్మకం. కొంచెం గర్వం కూడా. ఆ గర్వమే ఆవిడ కొంప ముంచింది.

అక్కడికి వచ్చే పిల్లల్లో ఇద్దరి సంగతి చెప్పుకోవాలి. ఒకతె గోల. పేరుకి తగ్గ మనిషే. అది హాల్లోకి అడుగుపెడితే లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. రెండోది గువ్వ. ఉలుకూ పలుకూ ఉండదు. అడిగితే తల ఊపుతుంది, అడగకపోతే అదీ లేదు. మూల కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉంటుంది.

గువ్వ తండ్రి బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇంజను మీద ఇనపకడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, జబ్బు ఎక్కడో ఇట్టే చెప్పేస్తాడు. అందుకని అంతా చెవి మేస్త్రీ అంటారు. చెవి అంత గొప్పదే గానీ నోరు మాత్రం లేదు. మాటకి పన్ను కట్టాలన్నట్టు ఉంటాడు. గువ్వ తల్లి ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ. అందుకని పిల్లని తీసుకెళ్ళేది ఆయనే. వచ్చేవాడు, మంచిమాట వినేవాడు, తల ఊపి బ్యాగు అందుకుని వెళ్ళేవాడు. తండ్రీ కూతురూ రోడ్డు మీద నడుస్తుంటే ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత జాగా ఉండేది. ప్రేమ లేక కాదు. ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియక.

ఆ వాన రోజు, సరిగ్గా ఇళ్ళకి బయలుదేరే వేళకి ఆకాశానికి చిల్లు పడింది. ఎవరో పుణ్యాత్ములు పిల్లలందరికీ పసుపుపచ్చ రెయిన్‌కోట్లు ఇచ్చారు, అన్నీ ఒకే రకం. టోపీ పైకి లాక్కుంటే ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. పిల్లలంతా కోట్లు తొడుక్కుని, ఇంటివాళ్ళ కోసం చూస్తూ నిలబడ్డారు. ఇంతలో కరెంటు పోయింది. వెంటనే పిడుగు. చిన్నపిల్లలు గొల్లుమన్నారు.

కౌన్సిలరమ్మ టార్చి కోసం లాండ్రీలోకి పరిగెత్తింది. టార్చి దొరికింది గానీ అందులో బ్యాటరీలు లేవు. లాండ్రీ ఓనరుని నాలుగు తిట్టి, తడుముకుంటూ తిరిగొచ్చి, హాలు గుమ్మంలో ఆగిపోయింది.

చీకట్లో ఎవరో పాడుతున్నారు. సన్నని గొంతు, తొణకదు, బెణకదు. బయట వాన అంత మోత పెడుతున్నా ఆ పాట దానికి లొంగలేదు. పిల్లల ఏడుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఒక్క మెరుపు మెరిసింది. ఆ వెలుతురులో ఆవిడకి కనిపించింది ఇంతే: కిటికీ దగ్గర ఒక పసుపు కోటు నిలబడి పాడుతోంది. నేల మీద ఇంకో పసుపు కోటు కూర్చుని ఉంది, దాని ఒళ్ళో, చుట్టూ చిన్నపిల్లలు.

పాట అయిపోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. చూస్తే కిటికీ దగ్గర ఉన్నది గువ్వ. చిన్నపిల్లల మధ్య కూలబడి ఉన్నది గోల.

కౌన్సిలరమ్మ ఇంకెవరినీ అడగలేదు. కళ్ళారా చూశాక అడగడమెందుకు?

ముందుగా గోల తల్లి వచ్చింది. బట్టల కొట్లో నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్న మనిషి. "మీ పిల్ల ఇవాళ చీకట్లో చిన్నవాళ్ళని ఒళ్ళో పెట్టుకుని, గొంతు పెగల్చకుండా, నెమ్మదిగా కూర్చుందమ్మా" అంది కౌన్సిలరమ్మ.

ఆ తల్లి పొట్ట పట్టుకుని నవ్వింది. "నెమ్మదిగానా? ఇదా? ఏ పిల్లని చూసి ఎవరికి చెబుతున్నారండీ!"

గోల నోరు తెరిచి, ఏదో అనబోయి, మూసేసింది. గోల నోరు మూసుకోవడం అన్నది లోకంలో జరగని పని. అక్కడైనా కౌన్సిలరమ్మకి అనుమానం రావలసింది. రాలేదు.

తరవాత చెవి మేస్త్రీ గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు. గువ్వ కోటు చెయ్యి వేళ్ళదాకా లాక్కుని నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఇవాళ నీ కూతురు పాడింది. పిడుగులు పడుతుంటే పాట పాడి, పిల్లలందరి ఏడుపూ ఆపింది."

బ్యాగు కోసం చాచిన మేస్త్రీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పాడిందా?" అన్నాడు. అంతటితో ఊరుకోకుండా కూతురి వైపు తిరిగి, "ఏం పాట పాడావమ్మా?" అన్నాడు.

గువ్వ కౌన్సిలరమ్మ వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. తండ్రి మొహంలో ఆ పిల్ల ఎన్నడూ చూడనిదేదో ఉంది. "వాన పాట" అంది మెల్లిగా.

ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు. మధ్యలో ఆ మూడో మనిషి జాగా లేదు. వెనక నుంచి చూస్తూ కౌన్సిలరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎన్నికల్లో గెలిస్తే కూడా అంత సంతోషం కలిగేది కాదేమో అనుకుంది. మనిషి మురిసిపోయే వేళలోనే కాలు జారుతుంది.

ఆ రోజు నుంచి మేస్త్రీ తీరే మారింది. తొందరగా వచ్చి గుమ్మం బయట బల్ల మీద కూర్చునేవాడు. కూతురు రాగానే "ఇవాళ ఏమైంది?" అనేవాడు. మొదట్లో గువ్వ ఒక్క మాట చెప్పేది, తరవాత రెండు. మెల్లిగా బడి గురించీ, కిటికీలో దూరిన పిల్లి గురించీ, మాస్టారి కళ్ళద్దాలకి కట్టిన దారం గురించీ రోడ్డు మలుపు దాకా చెబుతూనే ఉండేది. ఇంట్లో పాడమంటే మాత్రం సిగ్గుపడేది. "అందరూ ఉంటేనే పాడతాను నాన్నా" అనేది. మేస్త్రీ బలవంతం చేయలేదు. "అయితే ఇంటివాళ్ళ రోజున వింటాలే" అన్నాడు.

ఇంటివాళ్ళ రోజంటే ఏడాదికోసారి హాల్లో పిల్లలు ఆడి పాడి, అమ్మానాన్నలకి చూపించుకునే సాయంత్రం. అది దగ్గర పడుతుండగా, ఒకనాడు కౌన్సిలరమ్మ టీ గ్లాసులు కడగడానికి పెరటి వైపు వెళ్ళింది. నీళ్ళ తొట్టి పక్కన గోల ఒంటరిగా కాళ్ళు కడుక్కుంటూ పాడుకుంటోంది.

అదే గొంతు. తొణకదు, బెణకదు.

కౌన్సిలరమ్మ చేతిలో గ్లాసు జారి ముక్కలైంది. "ఒసేయ్, ఆ వాన రోజు పాడింది..."

"నేనే పెద్దమ్మా. ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది" అంది గోల. పాడటమంటే దానికి పిరికివాళ్ళ పని.

"మరి గువ్వ?"

"అది చిన్నోళ్ళని పట్టుకుని కూర్చుంది. బుడ్డోడు భయానికి దాని చెయ్యి కొరికేశాడు కూడా. పళ్ళు దిగిపోయాయి పెద్దమ్మా! అయినా అది కిక్కురుమనలేదు, చెయ్యి వెనక్కి లాక్కోలేదు. జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ వెయ్యడానికి లేచింది, నేను దాని చోట్లో కూర్చున్నా. అంతలో కరెంటొచ్చింది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. కౌన్సిలరమ్మ ఆ తొట్టి గట్టు మీదే కూర్చుండిపోయింది. ఒక పిల్ల మంచిని ఇంకో పిల్లకి అంటగట్టింది. అంతకంటే ఘోరం, గువ్వ చేసిన అసలు మంచిపని ఎవరికీ తెలియకుండా పోయింది. అడిగి ఉంటే తెలిసేది. ఒక్క మాట అడిగి ఉంటే.

గువ్వని పక్కకి పిలిచింది. "నేను పొరపాటుగా చెప్పినప్పుడు నువ్వెందుకు ఊరుకున్నావమ్మా?"

గువ్వ పెన్సిలు తిప్పుకుంటూ నిలబడింది. తరవాత అంది: "నాన్న ఎప్పుడూ ఏమీ అడగడు పెద్దమ్మా. ఆ రోజే అడిగాడు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాడు. నేను పాడలేదని చెప్పేస్తే మళ్ళీ అడగడు."

ఆ పిల్ల ఏడవలేదు. రేపు వాన రాదన్నంత మామూలుగా చెప్పింది.

చెప్పకపోతే గుమ్మం దగ్గర అబద్ధం. చెబితే ఆ పిల్లకి మళ్ళీ పాత మౌనం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మాస్టారితో చెప్పుకుంది.

"తప్పు లెక్క మీద ఇంకో లెక్క వేసుకుంటూ పోతే జవాబు ఎప్పటికీ రాదమ్మా. చెప్పేయండి."

"మీకు అది లెక్క మాస్టారూ. నాకు పిల్ల."

మాస్టారు గోడకి నడుము ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు.

మర్నాడు ఆవిడ మనసు గట్టి చేసుకుని బస్సుల షెడ్డుకి వెళ్ళింది. నూనె మరకల నేల మీద బస్సులు మూతులు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. చెవి మేస్త్రీ ఒక ఇంజను మీద కడ్డీ ఆనించి, తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆవిడని చూడగానే కడ్డీ పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, టీ తెప్పించాడు. తోటి మెకానిక్కులంతా మూగారు.

"మేస్త్రీ కూతురి పాటకి మేమంతా వస్తున్నామమ్మా. ముందు వరస మాకే" అన్నాడు ఒకడు.

"ఈ మనిషి ఇన్నేళ్ళలో మాతో మాట్లాడినదంతా ఒక ఎత్తు, ఈ నెల కూతురి గురించి మాట్లాడింది ఒక ఎత్తు" అన్నాడు ఇంకొకడు.

వాళ్ళు పనుల్లోకి వెళ్ళాక మేస్త్రీ గొంతు తగ్గించాడు. "చిన్నప్పుడు నేనూ పాడేవాణ్ణి అక్కా. మా నాన్న పాడనివ్వలేదు. అదేం పని అన్నాడు. మానేశాను. మానేశాక... మాటలు కూడా తగ్గిపోయాయి, ఎందుకో మరి. ఇప్పుడిది పాడుతోందంటే, నాకు..." ఆపేశాడు. గ్లాసు వైపు చూస్తూ నవ్వాడు.

కౌన్సిలరమ్మ టీ తాగింది. చెప్పాలనుకున్న మాట కూడా టీతో పాటే మింగేసింది. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చింది.

ఇంటివాళ్ళ రోజు రానే వచ్చింది. లాండ్రీలో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని దుప్పట్లన్నీ కలిపి కుట్టి పిల్లలు తెర కట్టారు. హాలు కిటకిటలాడింది. ముందు వరసలో షెడ్డువాళ్ళు దువ్వుకున్న తలలతో కూర్చున్నారు. వాళ్ళ మధ్య మేస్త్రీ, ఉతికిన చొక్కాలో. గువ్వ తల్లికి సెలవు దొరకలేదు. గెలిచిన కౌన్సిలరు కూడా ఆలస్యంగా వచ్చి, వృద్ధులకి ఇక్కడ చేస్తున్న సేవ తనని కదిలించిందని ఉపన్యాసం ఇచ్చి, చుట్టూ ఉన్న పిల్లల్ని చూసి కాస్త తికమకపడి, ఇంకో మీటింగుందని వెళ్ళిపోయాడు. మామూలు రోజైతే కౌన్సిలరమ్మ ఆ ముక్క తలుచుకుని వారం రోజులు నవ్వుకునేది. ఆ రోజు నవ్వు రాలేదు. గువ్వ ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో ఆవిడకి తెలియదు. ఎన్నిసార్లు అడిగినా పిల్లలంతా ఒక్క మాట మీద "నువ్వు కంగారు పడకు పెద్దమ్మా" అన్నారు. పిల్లలు అలా అన్నారంటే కంగారు పడాల్సిందే.

గువ్వ వచ్చి తెర ముందు నిలబడింది. చేతులు రెండూ గౌను పట్టుకున్నాయి. గుమ్మం దగ్గర నుంచి చూస్తున్న కౌన్సిలరమ్మకి అప్పుడు కనిపించింది: గువ్వ వెనక, సరిగ్గా తల ఎత్తున, నీలం దుప్పటి ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. దాని కింద గోల పాదాలు.

ఆవిడ లేచి ఆపాలనుకుంది. అప్పటికే పాట మొదలైంది.

గువ్వ పెదాలు కదులుతున్నాయి. తెర వెనక నుంచి గోల గొంతు హాలంతా నిండింది. పెదాలకీ పాటకీ ఎక్కడా తేడా లేదు. ఎన్ని రోజులు కూర్చుని నేర్చుకున్నారో ఆ పిల్లలిద్దరూ. మెకానిక్కులు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు.

కౌన్సిలరమ్మ మేస్త్రీ మొహమే చూస్తోంది. మొదట నవ్వు. వెంటనే కాకపోయినా, ఆ నవ్వు అలాగే ఉండగా, తల మెల్లిగా ఒక పక్కకి వాలింది. షెడ్డులో ఇంజను దగ్గర వాలినట్టే. కళ్ళు కూతురి మీద నుంచి కదిలి నీలం దుప్పటి మీదికి వెళ్ళాయి. కిందికి దిగి ఆ పాదాల దగ్గర ఆగాయి. అందరి చెవినీ మోసం చేయొచ్చు గానీ ఈ చెవిని ఎలా చేస్తామని పిల్లలకి తట్టలేదు. పెద్దావిడకీ తట్టలేదు.

మేస్త్రీ మళ్ళీ కూతురి వైపు చూశాడు. పాట అయ్యేదాకా కళ్ళు తిప్పలేదు. అయ్యాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

కార్యక్రమం అయిపోయింది. ఆనవాయితీ ప్రకారం కౌన్సిలరమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరికీ మంచిమాట చెప్పి పంపింది. ఏం చెప్పిందో ఆవిడకే గుర్తులేదు. షెడ్డువాళ్ళు "ఏం గొంతు, ఏం గొంతు" అంటూ మేస్త్రీ వీపు చరిచి వెళ్ళారు. చివరికి మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. పక్కన గువ్వ. వెనక కుర్చీలు సర్దుతూ మాస్టారు. తెర మడత పెడుతున్నట్టు నటిస్తూ గోల.

"ఇవాళ్టి మంచిమాట చెప్పక్కా" అన్నాడు మేస్త్రీ.

బాగా పాడింది అంటే సరిపోతుంది. రెండే రెండు మాటలు. గువ్వ కళ్ళు ఆ రెండు మాటలనే బతిమాలుతున్నాయి. కౌన్సిలరమ్మ కుర్చీలోంచి లేచింది.

"తమ్ముడూ, ఆ వాన రోజు నేను తప్పు చెప్పాను. పాడింది గువ్వ కాదు. చీకట్లో సరిగ్గా చూడకుండా, ఎవరినీ అడక్కుండా చెప్పేశాను. ఆ తప్పు నాది, పిల్లది కాదు. అది నీకు అబద్ధం చెప్పాలనుకోలేదు. నువ్వు దానితో మాట్లాడావని, ఆ మాటలు పోతాయని భయపడింది." ఊపిరి తీసుకుంది. "ఆ రోజు దీని గురించి నేను చెప్పాల్సిన మంచిమాట ఇది. పిడుగులు పడుతుంటే చిన్నవాళ్ళందరినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బుడ్డోడు భయానికి చెయ్యి కొరికితే, పళ్ళు దిగినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నోరు మెదపలేదు. ఆ మాట నీకు ఆ రోజే అందాల్సింది. నేనే అందనివ్వలేదు."

గువ్వ తలొంచుకుంది. కన్నీళ్ళు చప్పుడు లేకుండా కాళ్ళ మీద పడ్డాయి. ఆ పిల్లకి ఏడవడం కూడా నిశ్శబ్దంగానే వచ్చు.

మేస్త్రీ కూతురి చేతుల వైపు చూశాడు. "కుడి చెయ్యి కదూ?" అన్నాడు.

గువ్వ తల ఊపింది.

"ఆ రోజు అన్నం తినేటప్పుడు చూశాను. పళ్ళ గాట్లు. ఎవరు కొరికారమ్మా అని నోటిదాకా వచ్చింది," అన్నాడు మేస్త్రీ. "పాట గురించి అడిగాను గానీ, అది అడగలేదు."

నేల మీద గొంతుక్కూర్చుని కూతురి కుడి చెయ్యి తీసుకున్నాడు. గౌను చెయ్యి పైకి మడిచాడు. గాట్లు ఎప్పుడో మానిపోయాయి. అయినా బొటనవేలితో ఆ చోటు నిమిరాడు.

"నొప్పి పుట్టిందా?"

"కొంచెం."

"మరి ఏడవలేదేం?"

"నేను కూడా ఏడిస్తే వాడు ఇంకా భయపడతాడు కదా నాన్నా."

చెవి మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు. మాస్టారు పట్టుకున్న కుర్చీ కింద పెట్టడం మరిచిపోయాడు. తెర వెనక గోల గట్టిగా ముక్కు చీదింది.

"అక్కా," అన్నాడు మేస్త్రీ లేస్తూ, "ఇవాళ్టి మంచిమాట నేను చెప్పొచ్చా?"

కౌన్సిలరమ్మ తల ఊపింది.

"మా అమ్మాయి ఇవాళ పాట పొడుగునా ఒక్క మాట తప్పకుండా పెదాలు కదిపింది. అంత పాటా కంఠతా పట్టింది, నాకోసం."

గువ్వ తలెత్తింది. "నీకు తెలిసిపోయిందా?"

"మొదటి చరణంలోనే."

"మరి చప్పట్లు కొట్టావు?"

"కొట్టొద్దా మరి?" అన్నాడు. బ్యాగు అందుకున్నాడు. రెండో చేత్తో కూతురి చెయ్యి పట్టుకున్నాడు. తెర వైపు తిరిగి, "ఒసేయ్ పిల్లా, ఆ గొంతు దాచుకునేది కాదే. నా మాట విను, దాచుకుంటే తుప్పు పడుతుంది" అన్నాడు. దుప్పటి వెనక నుంచి జవాబు రాలేదు. గోల నోరు మూసుకోవడం అది రెండోసారి.

తండ్రీ కూతురూ వెళ్ళిపోయారు. కౌన్సిలరమ్మ కుర్చీ మడిచి గోడకి చేరవేసింది. మనసు తేలిగ్గా ఉంది. వీధి చివర నుంచి ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. మగ గొంతు, బాగా తుప్పు పట్టింది, అయినా శ్రుతి తప్పడం లేదు. ఇందాక గోల పాడిన పాటే. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి పాట తడబడింది.

"ఆ మాట అది కాదు నాన్నా" అంటోంది గువ్వ, వీధంతా వినపడేలా. "నేను చెబుతాను, నువ్వు పాడు."